పక్క మీద తిరిగితే తల తిరుగుతోందా?
మాత్రలా, తల తిప్పే చికిత్సా: కుటుంబ సభ్యులకు కొన్ని మాటలు

(విడవలూరులో రోగుల కుటుంబ సభ్యులతో ఒక నర్సు మాట్లాడిన ప్రసంగ పాఠం)



ఈ రోజు తల తిరుగుడు గురించి మాట్లాడుకుందాం. అన్ని రకాల తల తిరుగుళ్ల గురించీ కాదు, ఒక్క రకం గురించి. పక్క మీద ఈ వైపు నుంచి ఆ వైపుకు తిరిగినప్పుడు, పొద్దున్నే మంచం మీద నుంచి లేచేటప్పుడు, అటక మీద డబ్బా కోసం తల పైకెత్తినప్పుడు, నాట్లు వేస్తూ వంగి లేచినప్పుడు ఇల్లంతా గిర్రున తిరిగినట్లయి, ఒక నిమిషం లోపలే తగ్గిపోయే తల తిరుగుడు. తల కదపకుండా ఉంటే ఏమీ ఉండదు. మళ్లీ తల అదే తీరుగా కదిపితే మళ్లీ వస్తుంది.

చెవి లోపలి లోపం వల్ల వచ్చే తల తిరుగుళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. చాలామందికి కొద్ది నిమిషాల చికిత్సతో నయమయ్యేదీ ఇదే. అయినా మన పల్లెల్లో ఈ బాధ ఉన్నవాళ్లు నెలల తరబడి మాత్రలు మింగుతుంటారు. కొందరు పైత్యం అంటారు, కొందరు గ్యాస్ అంటారు, కొందరు నరాల బలహీనత అంటారు. అందుకే దీనికి ఏయే చికిత్సలు ఉన్నాయి, ఏది ఎంతవరకు పనిచేస్తుంది, ఏది ఎవరికి పనికిరాదు అనేది వరసగా చెబుతాను.

ఈ మాటలు రోగికంటే మీకే ముఖ్యం. తల తిరిగే మనిషి కళ్లు మూసుకుని పడుకుని ఉంటారు. డాక్టరుగారికి జరిగింది చెప్పేది మీరు. మందుల షాపుకు వెళ్లేది మీరు. రాత్రి బాత్రూముకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదీ మీరే.

చెవిలో ఏం జరుగుతుంది?

చెవి వినడానికే కాదు, మనం తూలిపోకుండా నిలబడటానికి కూడా. చెవి లోపల, ఎముక గూటిలో, సన్నని అర్ధ వలయాల్లాంటి కాలువలు ఒక్కో చెవికి 3 ఉంటాయి. వాటిలో నీరు వంటి ద్రవం ఉంటుంది. మనం తల తిప్పినప్పుడు ఆ ద్రవం కదిలి, తల ఎటు తిరిగిందో మెదడుకు కబురు పంపుతుంది.

ఆ కాలువల పక్కనే చిన్న సంచి లాంటి భాగం ఉంది. అందులో జిగురు పొర మీద కంటికి కనిపించనంత సన్నని సున్నపు పలుకులు అంటుకుని ఉంటాయి. ఇవి జబ్బు కాదు, అందరికీ ఉండేవే. వయసు మీద పడటం వల్లనో, తలకు దెబ్బ తగలడం వల్లనో కొన్ని పలుకులు ఊడి, పక్కనున్న కాలువలోకి జారిపోతాయి. ఎక్కువమందిలో అవి వెనుక వైపు కాలువలోకి జారుతాయి. పడుకున్నప్పుడు అన్నిటికన్నా కిందుగా ఉండేది అదే.

మన పెన్నా కాలువల్లో ఒండ్రు చేరితే నీటి పారుదల ఎలా మారుతుందో చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. తల కదిలిన ప్రతిసారీ ఆ పలుకులు కాలువలో దొర్లుతాయి. దాంతో ద్రవం కదులుతుంది. తల ఆగిపోయినా మెదడుకు మాత్రం "ఇంకా తిరుగుతోంది" అనే తప్పుడు కబురు వెళ్తుంది. పలుకులు అడుగుకు చేరి నిలిచిపోగానే తిరుగుడు ఆగుతుంది. అందుకే ఇది ఒక నిమిషం లోపల తగ్గుతుంది.

డాక్టర్లు దీన్ని బి.పి.పి.వి. అంటారు. చీటీ మీద ఈ 4 అక్షరాలు ఉంటే భయపడకండి. ప్రాణం తీసే జబ్బు కాదు, హఠాత్తుగా వచ్చిపోతుంది, తల ఉన్న తీరును బట్టి వస్తుంది, గిర్రున తిరుగుతుంది అని ఆ పేరుకు అర్థం.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

50 ఏళ్లు దాటినవారికి ఎక్కువ. మగవారికంటే ఆడవారికి ఎక్కువ. మోటారు సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవారికి, ఆపరేషను తర్వాత చాలా రోజులు మంచం మీదే ఉన్నవారికి, లోపలి చెవికి వైరస్ జ్వరం సోకినవారికి, ఎముకలు గుల్లబారినవారికి, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి కూడా వస్తుంది. చాలామందిలో కారణం ఇదీ అని చెప్పలేం.

ఎలా కనిపెడతారు?

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఒక మంచం, తెలిసిన డాక్టరు చాలు. 1952లో ఇంగ్లండులో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు చెప్పిన పరీక్షనే ఇప్పటికీ ప్రపంచమంతా చేస్తున్నారు. రోగిని మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెడతారు. తలను ఒక పక్కకు సగం తిప్పుతారు. అలాగే పట్టుకుని చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తలను మంచం అంచుకు కొంచెం కిందికి వాలుస్తారు. కళ్లు తెరిచి ఉంచమంటారు.

పలుకులు జారిన చెవి కింది వైపు ఉంటే, కొద్ది సెకన్లలో తిరుగుడు మొదలవుతుంది. అప్పుడు కనుగుడ్లు ఒక ప్రత్యేకమైన తీరులో గిరగిరా కొట్టుకుంటాయి. డాక్టరుగారు చూసేది ఆ కళ్లనే. ఏ చెవిలో లోపం, ఏ కాలువలో లోపం అనేది ఆ కదలికే చెబుతుంది.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. పరీక్ష చేసేటప్పుడు రోగి "అమ్మో, పడిపోతున్నా" అని కేక వేస్తారు. మీరు లోపలికి పరుగెత్తి "వదిలేయండి సార్" అని ఆపకండి. పక్కన నిలబడి చెయ్యి పట్టుకోండి. "నిమిషంలో తగ్గిపోతుందమ్మా, కళ్లు మూయొద్దు" అని ధైర్యం చెప్పండి. ఆ ఒక్క నిమిషం ఓర్చుకుంటేనే జబ్బు బయటపడుతుంది.

మరి స్కానింగ్? ఈ పలుకులు మామూలు సి.టి. స్కానులోనూ, ఎం.ఆర్.ఐ.లోనూ కనిపించవు. పరీక్షలో బి.పి.పి.వి. అని స్పష్టంగా తేలితే, వేరే అనుమానం ఏదీ లేకపోతే స్కానింగు అవసరం లేదు. ఇంకో సంగతి. 50 దాటిన చాలామందికి మెడ ఎక్స్‌రే తీస్తే ఎముకల్లో అరుగుదల కనిపిస్తుంది. తల తిరుగుడుకు అదే కారణమని అనుకుని మెడకు పట్టీ కట్టుకుని నెలలు గడిపేవారున్నారు. చెవికి పరీక్ష చేయించకుండా మెడ మీదకు తప్పు నెట్టకండి.

చికిత్సలు: ఒక్కొక్కటిగా పోల్చి చూద్దాం

1. మాత్రలు, ఇంజెక్షన్లు, సెలైను

ఎక్కువమంది ముందుగా వెళ్లేది మాత్రల దగ్గరికే. మాత్రల రేకు మీద చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చూడండి. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, బీటాహిస్టిన్ అనేవి మన దగ్గర ఎక్కువగా రాసేవి. మొదటి రెండూ మెదడుకు వెళ్లే కబుర్లను మందగింపజేసి తిరుగుడును, వాంతిని అణుస్తాయి. కానీ కాలువలో పడిన పలుకును వెనక్కి పంపే శక్తి ఈ మూడింటిలో దేనికీ లేదు. చెప్పులో రాయి దూరితే నొప్పి మాత్ర వేసుకోవడం లాంటిది ఇది. నొప్పి కాస్త తగ్గవచ్చు, రాయి అక్కడే ఉంటుంది.

వాంతులు ఎక్కువగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు, లేదా తల తిప్పే చికిత్సకు ముందు, డాక్టరుగారు ఇలాంటి మందు ఇస్తే తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, అదే చీటీ చూపించి మీరు నెల నెలా మందుల షాపులో కొనుక్కోవడంలో. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ మత్తును కలిగిస్తాయి. మత్తులో పెద్దవాళ్లు పడిపోతారు, తుంటి ఎముక విరుగుతుంది. ఈ రెండు మందులనూ నెలల తరబడి వాడితే కొందరు పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం కనిపిస్తుంది. అంటే పార్కిన్సన్ జబ్బు లాంటి లక్షణాలు. మందు ఆపిస్తే ఎక్కువమందిలో నెమ్మదిగా తగ్గుతుంది, కొందరిలో చాలా నెలలు పడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాత్రలు చాలాకాలంగా వాడుతుంటే ఆ రేకు తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. బీటాహిస్టిన్ అంత మత్తునివ్వదు. దాన్ని ముఖ్యంగా వాడేది మెనియర్ అనే మరో చెవి జబ్బుకు.

సెలైను సంగతి కూడా చెప్పాలి. "ఒక బాటిలు ఎక్కించండి, సత్తువ వస్తుంది" అని మీరే అడుగుతారు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడే సెలైను. పలుకుల తిరుగుడుకు అది మందు కాదు. బాటిలు ఎక్కేంతసేపూ రోగి కదలకుండా పడుకుంటారు కాబట్టి తిరుగుడు రాదు. సెలైనుతో తగ్గిందని మీరు అనుకుంటారు. ఇంటికి వెళ్లి పక్కకు తిరిగితే మళ్లీ మొదలు.

2. ఎప్లీ పద్ధతి

అమెరికాలోని పోర్ట్‌లాండు నగరంలో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు ఉండేవారు. పలుకు కాలువలో చిక్కుకుంటే, తలను ఒక వరసలో తిప్పి అది వచ్చిన దారినే బయటికి పంపవచ్చు కదా అని ఆయన ఆలోచించారు. 1980లో తోటి డాక్టర్లకు చెబితే చాలామంది నమ్మలేదు. తల తిప్పితే జబ్బు పోతుందా అన్నారు. చివరికి 1992లో ఆయన వ్యాసం అచ్చయింది. ఆయన 2019లో కన్నుమూశారు. ఈ రోజు వెనుక కాలువ జబ్బుకు ప్రపంచమంతా ముందుగా చేసే చికిత్సల్లో ఆయన పద్ధతి ఒకటి.

కుడి చెవిలో లోపం ఉందనుకుందాం. చేసే తీరు ఇది.

ఒకటి: కాళ్లు చాపి కూర్చోబెట్టి, తలను కుడి భుజం వైపు సగం తిప్పుతారు.
రెండు: అలాగే వెల్లకిలా పడుకోబెట్టి తలను కొంచెం కిందికి వాలుస్తారు. తిరుగుడు ఆగేవరకు, కనీసం అర నిమిషం ఉంచుతారు.
మూడు: తలను నెమ్మదిగా ఎడమ వైపుకు, అంతే వాలుగా తిప్పి మళ్లీ అంతసేపు ఉంచుతారు.
నాలుగు: మనిషిని ఎడమ పక్కకు ఒత్తిగిల్లమని, ముక్కు నేల వైపు చూసేలా తలను ఇంకా తిప్పుతారు. మళ్లీ అర నిమిషం.
అయిదు: గడ్డం కిందికి వంచి ఉంచి, ఎడమ వైపు నుంచి నెమ్మదిగా లేపి కూర్చోబెడతారు.

మొత్తం అయిదారు నిమిషాల పని. కత్తి లేదు, సూది లేదు.

ఎంతవరకు పనిచేస్తుంది? 2014లో 11 పరిశోధనలను, 745 మంది రోగుల వివరాలను కలిపి చూశారు. తిరుగుడు పూర్తిగా పోయినవారు ఎప్లీ పద్ధతిలో 100కి 56 మంది. ఉత్తుత్తి చికిత్స లాంటివి చేసినవారిలో 100కి 21 మంది. ఒకసారికి తగ్గనివారికి మళ్లీ చేస్తారు. రెండు మూడు సార్లలో ఎక్కువమందికి నయమవుతుంది.

రామతీర్థం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె నాకు గుర్తున్నారు. వెల్లకిలా పడుకుంటే ఇల్లు తిరుగుతుందనే భయంతో 7 నెలలుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారు. రోజుకు 3 పూటలా మాత్ర. సగం రోజు మత్తు. డాక్టరుగారు పరీక్ష చేసి, ఎడమ చెవి అని తేల్చి, ఎప్లీ పద్ధతి చేశారు. వారం తర్వాత రెండోసారి చేశారు. ఆ తర్వాత ఆమె కొడుకు నాతో అన్న మాట: "సిస్టర్, నిన్న రాత్రి మా అమ్మ దిండు వేసుకుని పడుకుంది." మాకు అంతకన్నా పెద్ద రిపోర్టు ఏముంటుంది?

3. సెమాంట్ పద్ధతి

ఇది ఫ్రాన్సులో పుట్టింది. మంచం అంచున కూర్చోబెట్టి, తలను లోపం లేని వైపుకు సగం తిప్పి, లోపం ఉన్న వైపుకు చటుక్కున పడుకోబెడతారు. కొంతసేపటి తర్వాత తల తీరు మార్చకుండా ఒక్క ఊపున రెండో వైపుకు పడుకోబెడతారు. ఆ తర్వాత నెమ్మదిగా లేపుతారు.

ఫలితంలో ఇది ఎప్లీ పద్ధతికి దాదాపు సమానం. తల కిందికి వాల్చనక్కర్లేదు కాబట్టి మెడ వెనక్కి వంచలేనివారికి మేలు. కానీ వేగంగా పడుకోబెట్టాలి. బాగా లావుగా ఉన్నవారికి, తుంటి నొప్పి ఉన్నవారికి కష్టం.

4. ఇంట్లో చేసుకునే బ్రాంట్-డారాఫ్ వ్యాయామాలు

1980లో బ్రాంట్, డారాఫ్ అనే డాక్టర్లు చెప్పినవి. మంచం అంచున కూర్చుని, ఒక పక్కకు పడుకుని, ముక్కు పైకి సగం చూసేలా అర నిమిషం ఉండాలి. లేచి అర నిమిషం కూర్చోవాలి. రెండో పక్కకు అదే చేయాలి. ఇలా 5 సార్లు, రోజుకు 3 పూటలు, 2 వారాలు.

సులువే, కానీ ఎప్లీ అంత త్వరగా పనిచేయదు. రెండింటినీ పోల్చి చూసిన ఒక పరిశోధనలో, వారం తిరిగేసరికి ఎప్లీ చేసినవారిలో 100కి సుమారు 80 మందికి పరీక్షలో తిరుగుడు పోయింది. ఈ వ్యాయామాలు చేసినవారిలో 100కి 25 మందికే పోయింది. కాబట్టి డాక్టరు దగ్గర ఎప్లీ చేయించుకునే వీలుంటే అదే ముందు. దగ్గరలో చేసేవారు లేకపోతే, డాక్టరు చెప్పిన మీదట, ఇవి పనికివస్తాయి.

5. పక్క కాలువకు వేరే పద్ధతి

కొందరిలో పలుకు పక్క వైపు కాలువలోకి జారుతుంది. అప్పుడు ముఖ్యంగా పక్క మీద రెండు వైపులకూ తిరిగినప్పుడు తిరుగుడు బాగా వస్తుంది, వాంతులు ఎక్కువ. దీనికి ఎప్లీ పనిచేయదు. పడుకోబెట్టి మనిషిని చాప చుట్టినట్లు ఒకే దిశలో దొర్లించే పద్ధతి ఒకటుంది. ఏ కాలువో తెలియకుండా, సెల్‌ఫోనులో వీడియో చూసి ఇంట్లోనే తల తిప్పవద్దని అనేది ఇందుకే.

6. ఊరికే చూస్తూ ఉండటం

ఏ చికిత్సా చేయకపోయినా చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. ఒక నెల మాత్రలు వాడాక తగ్గితే మాత్రకు పేరు వస్తుంది. నిజానికి తగ్గించింది కాలం. తిరుగుడు స్వల్పంగా ఉన్న వయసువారు ఇలా ఆగవచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఆగకూడదు. ఆ వారాల్లోనే పడిపోతే ఎముక విరుగుతుంది.

7. ఆపరేషను

కాలువను మూసివేసే ఆపరేషను ఉంది. ఎన్నిసార్లు తల తిప్పే చికిత్స చేసినా ఏళ్ల తరబడి తగ్గని, చాలా కొద్దిమందికే అది అవసరం. వినికిడి పోయే ప్రమాదం కొంత ఉంటుంది. మొదటి రోజే ఎవరైనా ఆపరేషను మాట ఎత్తితే మరో చెవి డాక్టరు సలహా కూడా తీసుకోండి.

ఎవరికి జాగ్రత్త అవసరం?

మెడ ఎముకకు ఆపరేషను జరిగినవారు, మెడ కీళ్లవాతం బాగా ఉన్నవారు, మెడలోని రక్తనాళాల్లో పూడిక ఉన్నవారు, ఈ మధ్యే పక్షవాతం వచ్చినవారు, కంటి తెర ఊడిన జబ్బు ఉన్నవారు, పడుకుంటే ఆయాసం వచ్చే గుండె రోగులు: వీరి సంగతి పరీక్షకు ముందే డాక్టరుగారికి చెప్పండి. ఆయన పద్ధతి మారుస్తారు.

చికిత్స తర్వాత ఇంట్లో

• చికిత్స అయ్యాక కాసేపు కూర్చోబెట్టండి. ఆ రోజు రోగిని బండి నడపనివ్వవద్దు. మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.
• ఒకటి రెండు రోజులు తూలినట్లు, వికారంగా ఉండవచ్చు. అది సహజం.
• పూర్వం 2 రోజులు కూర్చునే నిద్రపోవాలని, మెడకు పట్టీ వేసుకోవాలని చెప్పేవారు. వాటివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేలింది. మామూలుగా పడుకోవచ్చు.
• పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పేవరకు నిచ్చెన, తాటిచెట్టు ఎక్కకూడదు. వేటకు వెళ్లే అన్నలు బోటు ఎక్కకూడదు. రొయ్యల గుంటల గట్ల మీద రాత్రి కాపలా వద్దు.
• రాత్రి బాత్రూము దారిలో చిన్న దీపం ఉంచండి. తడి లేకుండా చూడండి.
• మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిల్లి, కూర్చుని, ఒక నిమిషం ఆగి నిలబడమనండి.

మీరు అడిగే ప్రశ్నలు

"మళ్లీ వస్తుందా, సిస్టర్?" రావచ్చు. అయిదేళ్లలో మూడింట ఒక వంతు నుంచి సగం మందికి మళ్లీ వస్తుంది. వస్తే మళ్లీ అదే చికిత్స, మళ్లీ అదే ఫలితం. చికిత్స పనిచేయలేదని కాదు, కొత్త పలుకు ఊడిందని అర్థం.

"విటమిన్ డి వేసుకోమంటున్నారు, నిజమేనా?" పలుకులు సున్నంతో చేసినవి కదా. 2020లో కొరియాలో 957 మంది మీద చేసిన పరిశోధన అచ్చయింది. రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి విటమిన్ డి, కాల్షియం ఏడాది పాటు ఇస్తే, మళ్లీ మళ్లీ రావడం సుమారు నాలుగో వంతు తగ్గింది. కాబట్టి తరచుగా వచ్చేవారు రక్తపరీక్ష గురించి డాక్టరును అడగవచ్చు. ఇది ఉన్న తిరుగుడును ఆపే మందు కాదు, మళ్లీ రాకుండా తోడ్పడేది మాత్రమే.

"బి.పి. వల్ల కాదా?" పక్క మీద తిరిగితే వచ్చేది చెవి వల్ల. నిలబడితే మాత్రమే కళ్లు బైర్లు కమ్మి, కూర్చుంటే తగ్గేది బి.పి. పడిపోవడం వల్ల కావచ్చు. రెండూ వేరు. ఏదైనా సరే, బి.పి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. పడుకోబెట్టి, నిలబెట్టి బి.పి. చూపించండి.

"నిమ్మకాయ నీళ్లు, పచ్చడి నాకించవచ్చా?" వికారానికి నోటికి కాస్త హితవుగా ఉంటుంది. నష్టం లేదు. అయితే పైత్యం అనుకుని అంతటితో ఆగిపోకండి.

ఇది ఆ తిరుగుడు కాదు, ఆలస్యం చేయకండి

ఇప్పటిదాకా భయం లేని జబ్బు గురించి చెప్పాను. ఇప్పుడు చెప్పేది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. తల తిరుగుడుతో పాటు ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా అది పక్షవాతం కావచ్చు.

• మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం
• చెయ్యి గాని, కాలు గాని పట్టు తప్పడం, తిమ్మిరి ఎక్కడం
• ఒకటి రెండుగా కనిపించడం
• ఊతం లేకుండా కూర్చోలేకపోవడం, అడుగు వేయలేకపోవడం
• ఎన్నడూ లేనంత తలనొప్పి, స్పృహ తప్పడం
• కదలకుండా పడుకున్నా గంటల తరబడి ఆగని తిరుగుడు

వెంటనే 108కి ఫోను చేయండి. మనిషి ఆఖరుసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తు పెట్టుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఇవ్వడానికి ఆ సమయం నుంచి నాలుగున్నర గంటలే గడువు. మన ఊళ్ల నుంచి నెల్లూరు చేరేసరికే అందులో కొంత అయిపోతుంది. పసరు వైద్యానికి, సెలైనుకు ఆ సమయం ఖర్చు చేయకండి. నోట్లో నీళ్లు, మాత్రలు వేయకండి.

ఇంకో రెండు సంగతులు. హఠాత్తుగా ఒక చెవి వినిపించకుండా పోతే ఆ రోజే, కాకుంటే మర్నాడే చెవి డాక్టరును చూడాలి. చెవిలో నుంచి చీము కారుతూ తల తిరిగితే ఆ చెవిలో నూనె, పసరు పోయకుండా చూపించాలి. చీము ఎముకను తినేసి లోపలి చెవికి చేరి ఉండవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

ఒక కాగితం మీద ఈ 6 ప్రశ్నలకు జవాబు రాసి తీసుకెళ్లండి.

1. ఏం చేస్తుంటే తిరుగుతోంది: పక్క తిరిగితేనా, లేస్తేనా, ఊరికే ఉన్నా కూడానా?
2. ఎంతసేపు ఉంటోంది: సెకన్లా, నిమిషాలా, గంటలా?
3. ఏ వైపుకు తిరిగి పడుకుంటే ఎక్కువ?
4. వినికిడి తగ్గిందా, చెవిలో హోరు గాని, చీము గాని ఉన్నాయా?
5. ఎప్పుడైనా పడిపోయారా, తలకు దెబ్బ తగిలిందా?
6. ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఏవి? (రేకులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.)

తర్వాత ఒక మాట మర్యాదగా అడగండి: "సార్, పడుకోబెట్టి చేసే పరీక్ష చేస్తారా? అది చెవి పలుకుల తిరుగుడు అయితే తల తిప్పే చికిత్స చేస్తారా?" ఇలా అడగడం డాక్టరును శంకించడం కాదు. చెవి, ముక్కు, గొంతు డాక్టర్లకు ఇది తెలిసిన పనే. ఒకచోట చేయకపోతే నెల్లూరులోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది.

మీ ఇంట్లో అమ్మో, అత్తో, తాతో గోడకు ఆనుకుని నిద్రపోతుంటే, మంచం ఎక్కడానికి భయపడుతుంటే, వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. రేపే తీసుకురండి. మాత్రల డబ్బా కూడా వెంట తీసుకురండి.